ఉత్తరానికి తలపెట్టిన ఊరు

మా బడి ముంగిట్లో నేను పిల్లల చేత గీయించే ఊరి పటం నా సొంత ఆలోచన కాదు. ఈ ఒక్క వాక్యం పోయిన కాంప్లెక్స్ మీటింగులోనే చెప్పి ఉండాల్సింది. చుట్టుపక్కల బడుల టీచర్లమంతా అప్పుడప్పుడు ఒకచోట చేరే మీటింగు అది. ఆ రోజు నా ఫోన్లోని ఫొటోలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయాయి. మూడో తరగతి పిల్లలు సిమెంటు నేల మీద చాక్‌పీసులతో వీధులు గీస్తున్నారు, ఒక పిల్ల పావడా ఎత్తి పట్టుకుని అంగలేస్తూ దారి కొలుస్తోంది, ఇంకొకడు గుట్ట ఉండాల్సిన చోట రాళ్లు పేరుస్తున్నాడు. "ఎట్లొచ్చింది సార్ మీకీ ఆలోచన?" అని కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ అడిగింది. నేను నవ్వి, "ఏదో అట్ల చేస్తాంటామమ్మా" అని టీ గ్లాసు అందుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. బస్సులో తిరిగి వస్తుంటే ఆ ఫొటోలు మళ్లీ చూడబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ పటం విషయంలో నేను నోరు మెదపకపోవడం అది మొదటిసారి కాదు. మొదటిసారి నేను నాలుగో తరగతి చదువుతున్నాను.

ఆ పటం తిప్పేస్వామి అయ్యవారిది. కానీ ఆయన గురించి చెప్పే ముందు మా జేజి గురించి చెప్పాలి. నాయన తల్లిని మేము జేజి అనేవాళ్లం. మా ఇంట్లో కుడి ఎడమలు ఉండేవి కావు. జేజి నోట ఎప్పుడూ ఆ మాటలు వినలేదు. "ఆ చెంబు తూర్పుకు జరుపు" అనేది. సంగటి కెలుకుతూ "పడమటి పక్క ఉండలు కట్టినాయి చూడు" అని అమ్మను కసిరేది. నా తలలో పేలు చూసేటప్పుడు "కొంచెం ఉత్తరానికి వంచరా" అంటే నేను ఆలోచించకుండా వంచేవాణ్ణి. గుమ్మఘట్ట సంతకు పోయినా, చుట్టాల ఇంట్లో చీకటి గదిలో కూర్చున్నా ఆమెకు దిక్కు తప్పేది కాదు. సూర్యుణ్ణి చూసి తెలుసుకుంటుందేమోనని ఒకసారి ఆమె కళ్లు నా చేతులతో మూసి, గిరగిరా తిప్పి, తూర్పెక్కడ అని అడిగాను. వేలు సరిగ్గా తూర్పుకే చూపించింది. ఎట్ల తెలిసిందంటే, "పశువుల కొట్టం వాసన దక్షిణం నుంచి వస్తాది గదరా పిచ్చోడా" అంది.

సాయంత్రం దీపం పెట్టగానే పడకలు పరిచే పని జేజిదే. కంబళ్లు దులిపినప్పుడు వచ్చే గొర్రెబొచ్చు వాసన, పక్క గదిలో మూటలు కట్టి పెట్టిన శెనక్కాయల మట్టివాసన కలిసి ఉండేవి. అందరూ పడుకున్నాక ఆమె ఒకసారి తిరిగి, ఎవరి తల ఏ దిక్కుకు ఉందో చూసేది. నిద్రలో దొర్లి ఎవరైనా ఉత్తరానికి తల తిప్పితే కాళ్లు పట్టుకుని లాగి సరిచేసేది. ఉత్తరానికి తల పెట్టి పడుకున్న ఏనుగు తలనే కదా తెచ్చి వినాయకుడికి అతికించింది అని చెప్పేది. ఆ ఏనుగు ఏం తప్పు చేసిందని నాకు చాలా రోజులు అనుమానం. అడిగితే, "తప్పేం లే. ఉత్తరానికి తల పెట్టింది, అంతే" అనేది.

తిప్పేస్వామి అయ్యవారు మా ఊరికి వచ్చింది ఆ రోజుల్లోనే. అప్పుడు టీచర్లను అయ్యవారు అనేవాళ్లం, మాటల్లో ఐవారు. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి. కోపమొస్తే కన్నడంలో తిట్టేవాడు, మా సరిహద్దు పిల్లలకు రెండు భాషలూ వచ్చు కాబట్టి అర్థం కాలేదని తప్పించుకునే వీలుండేది కాదు. బడిలో గోడకు జిల్లా పటం ఒకటి వేలాడేది. ఒకరోజు ఆయన బెత్తంతో వేదవతి ఏటిని చూపిస్తూ, ఇది కింద కన్నడ దేశం నుంచి వచ్చి, మన పక్క నుంచి పోయి, కణేకల్ మీదుగా పైన తుంగభద్రలో కలుస్తుంది అని చెప్పారు. మా తరగతిలో మారెక్క అనే పిల్ల ఉండేది. ఆమె నాయన మా చేన్లో పని చేసేవాడు. ఆ పిల్ల లేచి, "ఐవారూ, ఏరు పైకెట్ల ఎక్కుతాది?" అంది.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. పటం వైపు తిరిగి చాలాసేపు చూశారు. "అవును గదా" అన్నారు. "నీళ్లు పల్లానికి గదా పోవాల." తర్వాత ముక్కాలి పీట తెప్పించుకుని ఎక్కి, ఆ పటాన్ని మేకు నుంచి తీసి, బయట బండల మీద పరిచి, ఉత్తరం ఉత్తరానికి ఉండేట్టు తిప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. మారెక్కను దాని పక్కన కూర్చోబెట్టి, "ఇప్పుడు చెప్పు. యాడికి పోతాండాది?" అన్నారు. ఆ పిల్ల తల ఎత్తి ఏటి దిక్కు చూసి, మళ్లీ పటం చూసి, "ఆ పక్కకి. నిజంగా ఎట్ల పోతాదో అట్లే" అంది. "గోడ మీద ఉన్నంతసేపు ఏ ఏరైనా పైకే ఎక్కుతాదమ్మా. దించి చూడాల" అన్నారాయన. నా చదువులో నేను మొదటిసారి ఆశ్చర్యపోయింది అప్పుడే అనుకుంటాను.

ఆ రోజే ఆయన మా ఊరిని చూపించమన్నారు. అందరం పటం మీద వంగి వెతికాం. కళ్యాణదుర్గం దొరికింది, రాయదుర్గం దొరికింది, మా ఊరు లేదు. "అచ్చేసినోళ్లకు కనపడ్లేదేమో. మనమే ఏసుకుందాం" అన్నారు. అట్లా మొదలైంది. బడి ముందర బండలు పరిచిన వెడల్పాటి జాగా ఉండేది. దాని మీద ఊరు దిగాలి. వీధులు అంగలతో కొలవమన్నారు. మేము కొలిచిన ఒకే వీధి ఒక్కొక్కరికీ ఒక్కొక్క పొడుగు వచ్చింది. నేను పొడుగు కాళ్లవాణ్ణి, నా లెక్కే సరైనదని కొట్లాడాను. ఆయన అందరినీ వరసగా నడిపించి చూసి, మారెక్క ఎక్కువా తక్కువా కాకుండా ఒకే తీరుగా అడుగేస్తుందని తేల్చారు. ఇక ఊరంతా ఆ పిల్ల అంగతోనే. మా నాయన చేను ఎన్ని మారెక్క అంగలో అప్పుడు నాకు నోటికి వచ్చు. నాకది లోపల కొంచెం గుచ్చుకున్న మాట కూడా నిజం.

గాలికాలం కాబట్టి పొడి ముగ్గు నిలవదని సున్నం తడిపి గీతలు గీశాం. దారులు జాజుతో, అంటే ఎర్రమట్టితో, పూశాం. ఇళ్లకు గులకరాళ్లు, చేన్లకు శెనక్కాయ పొట్టు తడిమట్టిలో కలిపి అద్దినది, పడమట ఏటికి ఏటి ఇసుకే. ఉత్తరాన మేము పెట్టిన గుట్ట కొసకు నిజమైన గుట్టే కనిపించేది, తూర్పున గీసిన కళ్యాణదుర్గం దోవ నిజమైన దోవ వైపే చూసేది. పిల్లలం దాని చుట్టూ తిరుగుతూ, మనమున్న బండ మీద మనం గీసిన బడి, ఆ బడి ముందు బండలు, ఆ బండల మీద మళ్లీ ఈ పటం గీయాలా వద్దా అని వాదించుకున్నాం. గీయాలని ఆయనే చెప్పి, గోరంత చుక్క ఒకటి పెట్టారు. "వానొచ్చి చెరిపేదాకా ఉండనీలే. చెరిపినాక మళ్లా ఏద్దాం, ఇంకా బాగా వస్తాది" అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి పోయినప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. ఈ ఊరు మనిషంత ఉంది కదా, దీని మీద నేను పడుకుంటే నా తల ఎక్కడికి వస్తుంది, కాళ్లెక్కడికి వస్తాయి? చొక్కాతోనే వెల్లకిలా పడుకున్నాను. బండలు కాలుతున్నాయి. తల గుట్ట మీదికి వచ్చింది, బొడ్డు దగ్గర బడి, కాళ్లు దక్షిణం చేన్లలో. చేతులు చాచాను. ఉత్తరం చూసి నిలబడితే కుడి చెయ్యి తూర్పు అని అయ్యవారు నేర్పించారు. నా కుడి చెయ్యి ఏటిలో ఉంది, అంటే పడమర. ఇదెట్లా అని లేచి, బోర్లా పడుకున్నాను. ఈసారి కుడి చెయ్యి కళ్యాణదుర్గం దోవ మీద పడింది. మళ్లీ వెల్లకిలా తిరిగాను. మళ్లీ ఏరు. ఆ తమాషా మారెక్కకు చూపిస్తే, "కదలొద్దు, ఉండు" అని సున్నపు కుంచెతో నా చుట్టూ గీసేసింది. నేను లేచి చూస్తే ఊరి మీద ఒక మనిషి పడుకున్నాడు, చేతులు చాచి, ఉత్తరానికి తల పెట్టి. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వులో జేజి మాట నాకు గుర్తుకే రాలేదు.

సాయంత్రానికి నాకు జ్వరం తగిలింది. మిట్టమధ్యాహ్నం కాలే బండ మీద పొర్లినవాడికి రాక ఏం చేస్తుంది? కానీ జేజి నా చొక్కా విప్పుతూ వీపుకు అంటిన సున్నం చూసింది. బడి ముందు మనిషి బొమ్మ ఉందన్న సంగతి అప్పటికే నీళ్ల బోరింగు దగ్గర ఆమె చెవిన పడింది. నా పక్కన కూర్చుని, తడిగుడ్డ నుదుటి మీద వేసి, మెల్లగా అడిగింది. "ఐవారేనా నిన్నట్ల పండబెట్టింది?"

నేనే పడుకున్నానని చెబితే నాయన చేతిలో ఏమవుతుందో తెలుసు. తెలిసి తెలిసి తప్పు చేశానని జేజి ముందు ఒప్పుకోవడం ఇంకా కష్టం. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. జేజి నా జుట్టు నిమిరి, "పోనీలే, పండుకో" అని లేచిపోయింది. ఆమె లేచిన తీరులోనే నా మౌనాన్ని ఎలా అర్థం చేసుకుందో తెలిసింది. అప్పుడైనా పిలిచి చెప్పవచ్చు. పిలవలేదు.

ఆ ఏడు శెనక్కాయ విత్తాక వాన మొహం చాటేసింది. మొలకలు వచ్చి, నిలిచి, ముడుచుకుంటున్నాయి. వానొస్తే చెరిగిపోవాల్సిన పటం చెరగలేదు. ఎండకు సున్నం ఇంకా తెల్లబడి, ఆ మనిషి రోజురోజుకూ స్పష్టంగా కనిపించసాగాడు. ఊరిని ఉత్తరానికి తలపెట్టి పండబెట్టినాక వానెట్లొస్తాదన్న మాట ఎవరు మొదట అన్నారో తెలియదు. ఒకరోజు పొద్దున నాయన, ఊళ్లో ఇంకొంతమంది బడికి వచ్చారు. వాళ్ల వెనక మారెక్క నాయన కూడా నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా ఐవారూ" అన్నాడు నాయన. "సదువు చెప్పమంటే ఊరిని పాడె మీద పండబెట్టినట్ల పండబెట్టినావే."

"అది పటమప్పా. పటంలో ఉత్తరం పైనుంటాది, యాడైనా అంతే" అన్నారు అయ్యవారు.

"నీ పటానికి ఏముంటే మాకేం? ఆ తల మాత్రం నా కొడుకుది. జొరమొచ్చి లేయలేకపోయె."

అయ్యవారు మా వైపు తిరిగారు. హాజరు పిలిచే గొంతుతోనే, "ఎవురు పండబెట్టినారప్పా?" అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు నిజంగానే తెలియదని. పిల్లలెవరో చేశారని మాత్రం తెలుసు. మారెక్క నా వైపు చూసింది, తర్వాత వాళ్ల నాయన వైపు చూసింది, పావడా కొస నోట్లో పెట్టుకుంది. నేను కాలి బొటనవేలితో నేల గీకుతున్నాను. "నేనే పండబెట్టినా" అన్నారు అయ్యవారు. "దిక్కులు బాగా తెలుస్తాయని చేసినా. తప్పే." ఆ మాట అని, బోరింగుకు ఆయనే పోయి బకెట్టు నీళ్లు తెచ్చి, గోనెసంచి తడిపి, మోకాళ్ల మీద కూర్చుని రుద్దారు. వచ్చినవాళ్లు అది అయ్యేదాకా నిలబడి చూశారు. సున్నపు మనిషి పోయాడు. జాజు మాత్రం బండలోకి ఇంకి ఉండింది. ఇళ్లు లేకుండా, ఏరు లేకుండా, మా ఊరి దారులు మాత్రం ఎర్రగా ఉండిపోయాయి.

కొన్నాళ్లకు ఒక జల్లు పడింది. ఆ వాన శెనక్కాయకు చాలలేదు గానీ మా ఊరివాళ్ల మాటకు చాలింది. "చూస్తిరా, చెరిపినాకే వచ్చె" అని రచ్చ దగ్గర చెప్పుకున్నారు. అయ్యవారు జిల్లా పటాన్ని చుట్టి బీరువాలో పెట్టారు, మళ్లీ తీయలేదు. ఏ దేశానికి ఏది రాజధాని అని పుస్తకం చూసి చెప్పించేవారు. మేము అప్పజెప్పేవాళ్లం. ఆ సంవత్సరం బడి ముగిశాక ఆయన కణేకల్ వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. మళ్లా ఏద్దాం, ఇంకా బాగా వస్తాది అన్న పటం మాకు రాలేదు.

నేను టీచరయ్యాను. ఊళ్లు తిరిగి తిరిగి చివరికి ఆ బడికే వచ్చాను. బండలు తీసి సిమెంటు పోశారు. మొదటిసారి పిల్లల చేత చాక్‌పీసులు పట్టించిన రోజు, ఊరివాళ్లు ఏమంటారోనని గేటు వైపే చూస్తూ ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరు ముగ్గురు ఆగి ఫొటో తీసుకున్నారు. అట్లాగని ఉత్తరం మీద భయం పోయిందనుకోవద్దు. కొత్త ఇల్లు కట్టుకున్న మా తోటి టీచరు ఒకాయన, ఫోన్లో దిక్సూచి పెట్టుకుని మంచం అంగుళం అంగుళం జరపడం నేను చూశాను. మా జేజికి ఫోను అవసరం రాలేదు, అంతే తేడా. పిల్లలకు మాత్రం ఇంకో చిక్కు వచ్చింది. "సెల్లులో అయితే మనం తిరిగితే ఊరు గూడా తిరుగుతాది సార్. ఎటు చూస్తే అదే పైన" అన్నాడొకడు. నిజమే. ఆ పటంలో నడిమధ్య ఉండేది ఎప్పుడూ మనమే. జేజి లెక్కలో నడిమధ్య ఎవరూ ఉండేవారు కాదు. చెంబుకూ, మనిషికీ, కొట్టానికీ అవే నాలుగు దిక్కులు. ఏది మేలో నాకు తెలియదు గానీ, ఇప్పటి పిల్లలను కళ్లు మూసి తిప్పి తూర్పు అడిగితే మొదట జేబులు తడుముకుంటారు.

మీటింగు జరిగిన కొద్ది రోజులకు మూడో తరగతిలో పావని అనే పిల్ల గోడ పటం చూసి, "సార్, ఏరు పైకెట్ల పోతాది?" అంది. మారెక్క మనవరాలు ఆ పిల్ల. నేను పటం దించి నేల మీద పరిచాను. సాయంత్రం ఆ పిల్లను పిలుచుకుపోవడానికి మారెక్క వచ్చి, ముంగిట్లో చాక్‌పీసు గీతలు చూసి నిలబడింది.

"ఏమప్పా నాగరాజూ, మళ్లా పండబెట్టినావా ఊరిని?"

"కూర్చోబెట్టినాలే" అన్నాను.

"ఐవారు ఉండాడు, తెలుసునా? కణేకల్లులో. నాట్లకు పోయినప్పుడు చూసినా. గుర్తు పట్టె. నీ అంగ ఇప్పుడెంతుండాది మారెక్కా అని అడిగె."

"ఆ సంగతేమన్నా చెప్పినావా?" అన్నాను.

"నేనేల చెప్తా? గీసింది నేను, పండుకున్నది నువ్వు. పండుకున్నోడు చెప్పాల." మనవరాలి సంచి భుజానికి తగిలించుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "మా నాయన మీ చేన్లో కూలికి ఉండె. ఆ దినం నాకు నోరు లేకపోయె. నీకేమొచ్చెనప్పా?"

ఆ ఆదివారమే బయల్దేరాను. రాయదుర్గంలో బస్సు మారి కణేకల్ పోతుంటే, ఏరు పోయే దిక్కుకే నేనూ పోతున్నానని తోచింది. గోడ మీద పటంలో అయితే పైకి. కాలువ కింద పచ్చటి వరిమళ్లు వచ్చాయి, మా పక్క కంటికి అలవాటు లేని పచ్చదనం. రెండుచోట్ల అడిగితే ఇల్లు చూపించారు. వసారాలో నులక మంచం మీద ఆయన పడుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నేను నా పేరూ ఊరి పేరూ చెప్పాను. "ఓ, గుట్ట కింద ఊరు" అన్నారు, లేవకుండానే. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వసారాలోకి వచ్చే ఎండను బట్టి దిక్కు చూసుకుని నేను కొంచెం ఉలిక్కిపడటం ఆమె గమనించినట్టుంది.

"మీరన్నా చెప్పండప్పా" అంది. "మీ ఊర్నుంచి వచ్చినప్పట్నుంచి ఇదే పని. ఉత్తరానికే తల పెడ్తాడు. పిల్లోళ్లు చెప్పిరి, నేను చెప్తి, వినడు."

"ఏమైతాదో చూద్దామని పెట్టినా" అన్నారాయన కళ్లు మూసుకునే. "ఇంకా ఏం కాలే. చూస్తాండా."

ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయింది. నేను నా బడి గురించి చెప్పాను. పటం గురించి, పావని అడిగిన ప్రశ్న గురించి. ఆయన కళ్లు తెరిచారు. కొలత దేంతో పెట్టినావని అడిగారు. ఒక పిల్ల అంగతో అంటే తృప్తిగా తల ఊపారు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "ఆ పటం మీద నా అంతట నేనే పండుకున్నా సార్" అన్నాను. "ఎవరూ నన్ను పండబెట్టలేదు."

ఆయన కోప్పడతారనుకున్నాను, లేదా పోనీలే అంటారనుకున్నాను. ఆయన మోచేతి మీద ఆనుకుని కొంచెం లేచి నా మొహంలోకి చూశారు. "వెల్లకిలానా, బోర్లానా?" అన్నారు.

"మొదట వెల్లకిలా సార్. కుడి చెయ్యి ఏటిలోకి పోయింది. తూర్పుకు గదా రావాలని బోర్లా తిరిగి చూసినా. అప్పుడు సరిపోయింది."

"ఎవరూ చెప్పకుండానే తిరిగి చూసినావా?"

"చూసినా సార్."

ఆయన మళ్లీ దిండు మీద వాలారు. "ఆ మాట ఆ దినం ఎవరన్నా నాకు చెప్పింటే బాగుండు" అన్నారు. "దాని మీద ఇంకొక పాఠం చెప్పింటిని. పటం చుట్టి పెట్టకపోదును."

నేను లేచాను. ఆయన తల ఉత్తరానికి ఉంది కాబట్టి మంచం చుట్టూ తిరిగి దక్షిణం పక్కకు పోయాను. రెండు పాదాలూ పట్టుకున్నాను. పొలం పనికి పోని పాదాలు, అయినా పగుళ్లు తేలి గరుకుగా ఉన్నాయి. "మా జేజి అడిగితే చెప్పలేదు సార్" అన్నాను. "మా నాయన ముందర మీరు అడిగితే చెప్పలేదు. మొన్న నలుగురు మెచ్చుకుంటే గూడా మీ పేరు చెప్పలేదు. తప్పు చేసినా. నన్ను మన్నించండి."